దేవసూగూరు కాలిబాటలు

"ఇక్కడ నడవడానికేముందోయ్!" అనేశారు మా వారు.

2019 ఆగస్టు. ఇంగ్లండులో మా అబ్బాయి దగ్గర మూడు నెలలుండి తిరిగొచ్చిన మర్నాటి సంగతి. అక్కడ పొద్దున్నా సాయంత్రమూ మనవడి చెయ్యి పట్టుకుని పొలాల వెంట చకచకా తిరిగిన మనిషి ఇంటికొచ్చీ రాగానే పడక్కుర్చీలో కూలబడ్డారు. అంతకుముందు నవంబరులో ఆయన గుండెకు రెండు స్టెంట్లు వేశారు. మాత్రల కన్నా ముఖ్యం నడక, రోజూ ముప్పావు గంట తప్పకూడదని డాక్టరు గారు నాకు మరీ మరీ చెప్పి పంపారు. ఆయనకు చెప్పి లాభం లేదని ఆ డాక్టరు గారికి మొదటి రోజే అర్థమైపోయింది లెండి.

మేము 1984లో ఇక్కడికి వచ్చాం. అప్పటికి రాయచూరు థర్మల్ కేంద్రం ఇంకా కట్టుబడిలోనే ఉంది. మొదటి యూనిట్ మరుసటి ఏడు, 1985లో నడవటం మొదలైంది. తెనాలి పక్క పల్లెటూరు నుంచి వచ్చిన నాకు ఈ ఎర్రమట్టి, ఈ గుండ్రాళ్ళు, ఈ ఎండ చూసి మొదటి నెల్లాళ్ళూ ఏడుపే. శక్తినగర్ కాలనీలో ఓ వైపు కన్నడం వాళ్ళు, ఓ వైపు తమిళం వాళ్ళు, ఎదురింట్లో ఉత్తరాది వాళ్ళు. పాలబ్బాయి మాత్రం నాతో తెలుగే మాట్లాడేవాడు. "మీరు తెలుగువాళ్ళా?" అనడిగితే, "మాది దేవసూగూరమ్మా, మాకు రెండూ వస్తయి" అన్నాడు. ఆ "రెండూ వస్తయి" అన్న మాటతోనే నాకీ ఊరు నచ్చటం మొదలైందేమో. 2017లో రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేసి, ఎప్పుడో కొనుక్కున్న చిన్న స్థలంలో దేవసూగూరులోనే ఇల్లు కట్టుకున్నాం. హైదరాబాదులో ఉన్న మా అమ్మాయికి అది ససేమిరా ఇష్టం లేదు. "గుండె జబ్బు మనిషిని పెట్టుకుని ఆ ఊళ్ళో ఏం చేస్తారమ్మా? మా అపార్టుమెంటులోనే ఒక ఫ్లాటు ఖాళీ అవుతోంది, లిఫ్టుంది, కింద వాకింగు ట్రాకు ఉంది" అని వారానికోసారి ఫోను. సంక్రాంతిలోగా ఏదో ఒకటి తేల్చమని గడువు కూడా పెట్టింది.

కనుక "ఇక్కడ నడవడానికేముంది" అన్నది ఉత్తి విసుగు మాట కాదు. ఆయన నిజంగా అలా అనుకుంటే మేము ఊరు వదలక తప్పదు. నాకేమో వదలాలని లేదు.

ఇంగ్లండు సంగతి కాస్త చెప్పాలి. మా అబ్బాయి ఉండేది చెల్టన్‌హామ్ అనే ఊళ్ళో. ఒక ఆదివారం కారులో బోర్టన్ ఆన్ ద వాటర్ అనే పల్లెకు తీసికెళ్ళి, అక్కణ్ణించి లోయర్ స్లాటర్ అనే మరో పల్లెకు నడిపించాడు. మైలు దూరం, అంతే. తేనెరంగు రాళ్ళతో కట్టిన ఇళ్ళు, పంట కాలువంత వెడల్పున్న ఏరు, గొర్రెలు. నేను ఆశ్చర్యపోయింది అందానికి కాదు. ఆ దారి ఎవరిదో సొంత పొలంలోంచి పోతోంది! "ఒరేయ్, ఎవరైనా కేకలేస్తారేమోరా" అన్నాను. "ఎవరూ అనరమ్మా, ఇది జనం దారి" అని ఒక కర్ర గుంజ మీద పసుపుపచ్చ బాణం గుర్తు చూపించాడు వాడు. ఆ బాణం ఉందంటే, పొలం ఎవరిదైనా సరే, నడిచే హక్కు మనది. రైతు దున్నుకోవచ్చు గానీ రెండు వారాల్లోగా దారిని మళ్ళీ చదును చేసి పెట్టాలట. అలాటి దారులు ఇంగ్లండు, వేల్సుల్లో కలిపి 1,40,000 మైళ్ళ దాకా ఉన్నాయట.

ఇదేమీ ఊరికే వచ్చింది కాదు. 1932 ఏప్రిల్‌లో కిండర్ స్కౌట్ అనే కొండ మీదికి నాలుగు వందల మంది దాకా, ఎక్కువగా మాంచెస్టరు వైపు కార్మికులు, జమీందారుల కావలివాళ్ళను నెట్టుకుని ఎక్కారట. అయిదుగురు జైలుకెళ్ళారు. 1949లో చట్టం వచ్చింది, ప్రతి జిల్లావాళ్ళూ తమ కాలిబాటలన్నీ పటం గీసి పెట్టాలని. మా మనవడి బడి పుస్తకంలో ఉందిది. వాడు ఇంగ్లీషులో చదువుతుంటే మా వారు తెలుగులో నాకు చెప్పారు.

ఇంకొకటి. పొలానికీ పొలానికీ మధ్య కంచె దగ్గర ఓ తమాషా ఏర్పాటు. కొన్నిచోట్ల ఊగే చిన్న గేటు, కొన్నిచోట్ల రెండు రాళ్ళ మధ్య సన్నటి సందు. మనిషి ఒత్తిగిలి దూరొచ్చు, గొర్రె దూరలేదు. మా వారు ఇంజనీరు కదా, ఆ సందు ముందు నిలబడి జానలతో కొలిచారు. కాస్త పొట్ట ఉన్న మనిషి కనక తనే కొలబద్ద అయ్యారు కూడాను.

సరే, తిరిగొచ్చాం. ఆగస్టు, సెప్టెంబరు ఊరికే గడిచాయి. కాలనీ రోడ్ల మీద తిరగమంటే "గానుగెద్దులా అదే చుట్టు ఎన్నిసార్లు?" అంటారు. ఊళ్ళోకి వెళ్దామంటే దుమ్మంటారు, కుక్కలంటారు. ఇక లాభం లేదని దసరా వెళ్ళాక నేనే ఒక్కదాన్నీ బయల్దేరాను. ఆయన్ను పిలవలేదు. ఆడవాళ్ళకు ఆ మాత్రం రాజకీయం తెలుసు. మూడో రోజున చెప్పులు వేసుకుని వెనకాలే వచ్చారు, "చీకట్లో ఒక్కదానివీ ఎక్కడ పడతావో అని" అంటూ.

మేము నడిచే దారి ఇదీ. అయిదున్నరకు ఇంట్లోంచి బయటపడితే ముందు సూగూరేశ్వరుడి గుడి. వీరభద్రుడి రూపం. డిసెంబరులో జాతర జరుగుతుంది, రథం లాగుతారు. ఇటు రాయచూరు పల్లెల నుంచీ, అటు తెలంగాణ నుంచీ జనం వస్తారు. ఈ చుట్టుపక్కల ఎవరి పేరైనా అడగండి, సూగప్ప, సూగమ్మ, సూగన్న అనే పేర్లు తగులుతాయి. మా తెనాలి వైపు కోటేశ్వరరావుల్లాగా! గుడి ముందు నిలబడి ఓ దణ్ణం పెట్టుకుని, ఇళ్ళ మధ్య నుంచి పశువుల దొడ్లు దాటితే బండి బాట మొదలవుతుంది. రెండు వైపులా సర్కారు తుమ్మ. ఆ ముళ్ళ చెట్టు ఎంత చెడ్డదైనా తెల్లవారుజామున పిట్టలు దాన్నిండా ఉంటాయి. అక్కణ్ణించి పొలాలు. నదీ నీరు అందినచోట వరి, అందనిచోట పత్తి, కంది, జొన్న. నవంబరులో కంది పూత మీద ఉన్నప్పుడు పొలమంతా పసుపు పేరంటంలా ఉంటుంది.

బండి బాట సన్నబడి గట్టు మీది కాలిబాట అవుతుంది. ఒకరి వెనక ఒకరు నడవాలి. అక్కడ మాటలుండవు, గట్టు మీద నడిచేటప్పుడు కళ్ళు కాళ్ళ మీదే ఉండాలి కదా! మెల్లగా అరగంట నడిస్తే కృష్ణ కనిపిస్తుంది.

కృష్ణ అంటే విజయవాడ బ్యారేజీ దగ్గర చూసినట్టు ఉండదండీ ఇక్కడ. రాళ్ళ మధ్య పాయలు పాయలుగా పారుతుంది. ఎండాకాలంలో ఏనుగుల మంద పడుకున్నట్టు నల్ల బండలు బయటపడతాయి. వానాకాలంలో పైన నారాయణపూరు డ్యాము గేట్లు తెరిచారంటే, ఇక్కడ చినుకు పడకపోయినా చూస్తూండగా నీళ్ళు పెరుగుతాయి. 2009 అక్టోబరు మొదటి వారం వరద చూసినవాళ్ళెవరూ ఈ నదిని చులకన చెయ్యరు. మొదటిసారి ఒడ్డుదాకా వెళ్ళబోతుంటే మేకలు కాచే ముసలాయన కేకేశాడు: "యాడికి పోతున్నరమ్మా? నీళ్ళ పక్కకు పోవద్దు, మొసలి ఉంటది." నేను నవ్వులాట అనుకున్నాను. కాదు, నిజమే. రాయచూరు దగ్గర కృష్ణలో మొసళ్ళున్నాయి, బండల మీద ఎండ కాచుకోవటం మేము తరవాత రెండుసార్లు దూరం నుంచి చూశాం కూడా. ఆ మాట పట్టుకుని, నీళ్ళకు దూరంగా గట్టు మీద ఉన్న వేపచెట్టు కింద బండే మాకు హద్దు చేసుకున్నాం. అక్కడ కూర్చుని ఫ్లాస్కులో తెచ్చుకున్న టీ తాగి వెనక్కి.

ఆ బండ మీద కూర్చుంటే కనిపించేదంతా చెప్పాలంటే చాంతాడంత అవుతుంది. రాయచూరు నుంచి మహబూబ్‌నగర్ వెళ్ళే రోడ్డు వంతెన ఉంది, సిరాత్-ఎ-జూడి అంటారు. నిజాం కాలంలో, 1943లో పూర్తయింది. ఇప్పటి లారీలకు అదెంత ఇరుకో దాని మీద ప్రయాణం చేసినవాళ్ళకు తెలుసు. రైలు వంతెన వేరే. బొంబాయి నుంచి వచ్చిన రైలు దారి, మద్రాసు నుంచి వచ్చిన దారి 1871లో రాయచూరు దగ్గరే కలిశాయి. నది దాటగానే అవతల స్టేషను పేరు కూడా "కృష్ణ"యే. ఆ స్టేషను ఇప్పుడు తెలంగాణలో, నారాయణపేట జిల్లాలో ఉంది. 1956కు ముందు ఈ ఒడ్డూ ఆ ఒడ్డూ హైదరాబాదు రాష్ట్రమే. గద్వాల, అలంపురం తాలూకాలు రాయచూరు జిల్లాలోనే ఉండేవి. భాషా ప్రాతిపదికన గీత గీస్తే రాయచూరు ఇటు వచ్చింది, ఆ రెండు తాలూకాలూ అటు వెళ్ళాయి. గీత ఎటు పడ్డా పాలవాడికి మాత్రం "రెండూ వస్తయి".

పాలపిట్టకూ అంతే. కరెంటు తీగ మీద కూర్చున్నప్పుడు మట్టి రంగులో దిగాలుగా ఉంటుంది, ఎగిరిందంటే రెక్కల్లో నీలం జరీ. కర్ణాటక రాష్ట్ర పక్షీ అదే, తెలంగాణ రాష్ట్ర పక్షీ అదే. నదికి ఈ వైపు లేచి ఆ వైపు వాలితే రాష్ట్రం మారిందని దానికి చెప్పేదెవరు? తీతువు పిట్టల గోల సరేసరి. అది అరిస్తే కీడని మా అమ్మమ్మ గుమ్మంలోకి రానిచ్చేది కాదు. ఇక్కడ చూస్తే పాపం, గులకరాళ్ళ మధ్య గుడ్లు పెట్టుకుని, మనం అటు వెళ్ళకుండా అరుస్తుందంతే.

ఇవన్నీ నేను చూస్తుంటే మా వారు ఏం చూసేవారంటే... పొగగొట్టాలు. ముప్పయ్యేళ్ళ పైబడిన అలవాటు. "రెండో యూనిట్ ఆగినట్టుంది", "అయిదు మీద లోడు తగ్గించారు" అని పొగ చూసి జోస్యం చెప్పేవారు. ఎనిమిది యూనిట్లు, మొత్తం 1,720 మెగావాట్లు. మా పిల్లల చదువులు, ఈ ఇల్లు, ఆయన స్టెంట్లు కూడా ఆ పొగలోంచి వచ్చినవే, కాదనను. అయితే గాలి ఇటు మళ్ళిన రోజున ఆకుల మీద బూడిద పలచగా పరుచుకోవటమూ నిజమే. ఇంగ్లండు వాళ్ళకు నడకకు పటమూ దిక్సూచీ కావాలి. మాకా బాధ లేదు, ఎక్కడ దారి తప్పినా తలెత్తితే పొగగొట్టం కనిపిస్తుంది. అటు నడిస్తే ఇల్లు.

అలా రెండు నెలలు సాగింది. సంక్రాంతి గడువు దగ్గరికొస్తోంది. ఆయన అవుననలేదు, కాదనలేదు. 2020 జనవరిలో ఒక పొద్దున వెళ్ళేసరికి గట్టు మొదట్లో తుమ్మకంప అడ్డంగా వేసి ఉంది.

తోసి వెళ్దామంటే ముళ్ళు. చుట్టూ వెళ్దామంటే తారురోడ్డు మీదుగా, లారీల పక్కన. మాతో పాటు పుల్లలకు వెళ్ళే ముసలమ్మ ఒకామె నిలబడిపోయింది. "ఏమవ్వా, ఎవరేశారు?" అన్నాను. "చేను అమ్ముడుపోయె. కొత్తాయన ఏసిండు" అంది. ఆమె రోజూ ఆ దారినే కట్టెలు తెచ్చుకునేది. ఇప్పుడు నెత్తిన మోపుతో రోడ్డెంట రావాలి. మాకు నడక పోతే షికారు పోయినట్టు, ఆమెకు పోతే పొయ్యి పోయినట్టు.

మా వారు ఆ రోజు "చూశావా, నే చెప్పలేదూ" అన్నట్టు ఓ చూపు చూసి వెనక్కి తిరిగారు. సంక్రాంతికి హైదరాబాదు వెళ్ళాం. ఫ్లాటు చూశాం. కింద ట్రాకు కూడా చూశాం, ఎర్రటి రబ్బరు పరిచి, మధ్యలో ప్లాస్టిక్ గడ్డి. ఆయన రెండు చుట్లు తిరిగి, బాగుందన్నారు. ఉగాదికి మారిపోదామని అమ్మాయి దగ్గర మాటిచ్చేశారు. నేను మాట్లాడలేదు.

ఉగాది 2020 మార్చి 25న వచ్చింది. ఆ రోజునే దేశమంతా లాక్‌డౌను. ఎక్కడివాళ్ళం అక్కడే.

ఆ రెండు నెలలు అందరూ పడిందే మేమూ పడ్డాం, అదంతా మళ్ళీ చెప్పను. ఒక్క విషయం మాత్రం చెప్పాలి. ఇంగ్లండులో రోజుకొక్కసారి వ్యాయామానికి బయటికి వెళ్ళనిచ్చేవాళ్ళు. మా అబ్బాయి ఆ ఒక్క నడకలో ఫోను చేసి వీడియోలో చూపించేవాడు. అదే పసుపు బాణం, అదే గొర్రెలు, అదే రాళ్ళ సందు. మా వారు డాబా మీద నాలుగు గోడల మధ్య అటూ ఇటూ తిరుగుతూ అది చూసేవారు. ఒక సాయంత్రం ఫోను పెట్టేసి, నది వైపు తిరిగి చాలాసేపు నిలబడి, "ఆ వేపచెట్టు దాకా ఒక్కసారి వెళ్ళి రాగలిగితే చాలునోయ్" అన్నారు. నేను కళ్ళు తుడుచుకుంటూ ఆరేసిన అప్పడాలు తిప్పాను. ఏప్రిల్ ఎండకు అవి ఎప్పుడో ఎండిపోయాయనుకోండి.

ఆంక్షలు సడలాక ఆయన చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? రెవెన్యూ వాళ్ళ దగ్గర దొరికే ఊరి నక్షా సంపాదించారు. సర్వే నంబర్లు, చెరువులు, వాగులు, బావులు అన్నీ గీసిన పటం. బల్ల మీద పరిచి భూతద్దం పెట్టుకుని రాత్రి పదకొండు దాకా కూర్చున్నారు. ఈ నక్షాల్లో బండిదారికి జంట చుక్కల గీత, కాలుదారికి ఒంటి చుక్కల గీత ఉంటుందట. "రా, చూడు" అని పిలిచారు. ఊరి నుంచి నది వైపు, సర్వే నంబర్లను కోసుకుంటూ, ఉడతకాలి ముద్రల్లా చుక్కలు. మేము నడిచిన దారే! ఎవరో సర్వేయరు ఎన్నేళ్ళ కిందటో గొలుసు పట్టుకుని ఈ ఎండలో తిరిగి, కట్టెల మోపులవాళ్ళు నడిచే దారిని చూసి గీశాడు. కాలిబాటలకు పటం ఇంగ్లండులోనే ఉందనుకున్నాం, మనకూ ఉంది. గుంజ మీద పసుపు బాణం మాత్రం లేదు.

చట్టం కూడా ఉందట, 1882 నాటిది, ఈజ్‌మెంట్ చట్టం. ఇరవై ఏళ్ళు ఎవరి అడ్డూ లేకుండా, బహిరంగంగా, హక్కుగా నడిచిన దారి మీద హక్కు ఏర్పడుతుందని. మా వారు అది కూడా చదివేశారు. నాకు భయం వేసింది. గుండె జబ్బు మనిషి, కోర్టులూ కచ్చేరీలూ అంటారేమోనని. "ఏమండీ, తగువు పెట్టుకోకండి" అన్నాను. "తగువెందుకు? అడుగుదాం" అన్నారు.

నక్షా చుట్టచుట్టి చంకలో పెట్టుకుని ఒక పొద్దున ఆ రైతు దగ్గరికి వెళ్ళాం. వయసులో మా అబ్బాయికన్నా చిన్నవాడు. ముందు ముఖం చిట్లించాడు. తరవాత తన బాధ చెప్పుకున్నాడు. ఆ సందులోంచి పశువులు పడి రెండుసార్లు వరి మేసిపోయాయట. అంతకన్నా, సాయంత్రాలు కుర్రాళ్ళు మోటారుసైకిళ్ళు గట్టు మీదే తోలుకొచ్చి, తాగి సీసాలు పొలంలో విసిరేసి పోతున్నారట. నాటు వేసే కూలీ ఆమె పాదం తెగిందట. "మనుషులు పోతే నాకేం సార్, ఎన్నడన్నా వద్దన్నానా? బండ్లు, బర్రెలు రావద్దు. దీనికి మీరేమంటరు?" అన్నాడు. న్యాయమే కదా!

మా వారు ఒక్క నిమిషం ఆలోచించి జేబులోంచి పెన్ను తీశారు. నక్షా వెనకాల గీసి చూపించారు, లోయర్ స్లాటర్ దారిలో తను పొట్టతో కొలిచిన సందు. రెండు రాతి కడీలు, మధ్య జానెడున్నర ఎడం, దాని వెనక అడ్డంగా ఇంకో కడీ. మనిషి మెలిక తిరిగి దూరతాడు. బర్రె తిరగలేదు, మోటారుసైకిలు అసలే తిరగలేదు. ఆ అబ్బాయి చూసి పకపకా నవ్వాడు. "ఇది మా తాత కాలంల ఉండె సార్, గుడి కాడ" అన్నాడు! చూశారా, అంత దూరం వెళ్ళి నేర్చుకొచ్చింది ఇక్కడే పోగొట్టుకున్నదన్న మాట.

కడీలు అతనివే, పాత కంచెవి. పాతటానికి కూలీ మాది. 2021 ఫిబ్రవరిలో ఒక శుక్రవారం ఉదయం పాతారు. మా వారు మట్టపు గొట్టం పెట్టి మరీ చూశారు. అందరికన్నా ముందు ఆ కట్టెల అవ్వే దూరింది. మోపు మాత్రం దూరలేదు! అది ఎవరికీ తట్టలేదు. ఇంజనీరు గారు నాలుక కరుచుకున్నారు. ఆమె మోపు దింపి, కడీల మీదుగా అవతలికి వేసి, తను దూరి, మళ్ళీ నెత్తికెత్తుకుంది. "ఉండనీ సారూ, రోడ్డు కంటే నయమే" అంది. మర్నాడు మా వారు వెళ్ళి అవతల ఒకటి, ఇవతల ఒకటి నడుమెత్తు బండలు పెట్టించారు, మోపు దింపుకోవటానికీ ఎత్తుకోవటానికీ.

అప్పటినుంచి మా నడక పెరిగింది. రోజూ వెళ్ళేది వేపచెట్టు దాకానే. నెలకోసారి మాత్రం ఆటో మాట్లాడుకుని దూరం వెళ్ళి అక్కడ నడుస్తాం. పడమటగా వెళ్తే భీమా నది వచ్చి కృష్ణలో కలిసే సంగమం. అవతలి ఒడ్డున తంగిడి, కృష్ణ తెలంగాణలో అడుగు పెట్టే చోటు. 2016 ఆగస్టు పుష్కరాలకు ఇసకేస్తే రాలని జనం. మామూలు రోజున వెళ్ళండి, కొంగలూ మీరూను. ఇటు దిగువకు వెళ్తే కురువపురం. పిఠాపురంలో పుట్టిన శ్రీపాద శ్రీవల్లభులు ఉన్న లంక అది, పుట్టి ఎక్కి దాటాలి. తెలంగాణ వైపు పంచదేవ్‌పహాడ్ నుంచీ దాటొచ్చు. మొక్కుకోవటానికి వచ్చినవాళ్ళు గుళ్ళో దండం పెట్టుకుని వెంటనే పుట్టి ఎక్కేస్తారు. ఓ గంట ఆగి ఆ మర్రిచెట్టు నీడన తిరిగి చూడండి, ఎండ కూడా చల్లగా అనిపిస్తుంది.

రాయచూరు కోట సంగతి చెబితే మా వారు నడక ఆపి ఉపన్యాసం మొదలెడతారు కనక క్లుప్తంగా: 1294 నాటి శాసనం, కాకతీయుల సేనాని గోన గన్నారెడ్డి పక్షాన విఠలనాథుడు కట్టించిన కోట. నలభై అడుగులకు మించిన ఒకే రాయి మీద తెలుగు అక్షరాలు. ఆ రాయిని బండి మీద ఎలా లాక్కొచ్చారో బొమ్మ కూడా గోడ మీద చెక్కారు. 1520లో కృష్ణదేవరాయలు ఈ కోట కోసమే యుద్ధం చేశాడు. ఓడిన బీజాపూరు సైన్యం పారిపోతూ ఈ కృష్ణలోనే పడిందని పోర్చుగీసు న్యూనిజ్ రాసిపెట్టాడు.

మీలో ఎవరైనా ఇటు వస్తే దసరా నుంచి శివరాత్రిలోపు రండి. ఆ తరవాత రాయచూరు ఎండ చుట్టరికాలు చూడదు. తెల్లవారక ముందే బయల్దేరాలి, తొమ్మిదింటికల్లా నీడ చేరాలి. మంచినీళ్ళు, టోపీ, ముళ్ళు దిగని చెప్పులు. గట్టు మీద ఎదురొచ్చే తలమోపుకు మీరే దిగి దారివ్వాలి. నీళ్ళ దగ్గరికి వెళ్ళొద్దు. మేకల తాత మాటే మాటా. పొలంలో కంది కాయ కనబడితే అడిగి కోసుకోండి. అడిగితే దోసెడు పెడతారు, అడక్కుండా కోస్తే కడీల బదులు మళ్ళీ కంప వస్తుంది.

కిందటి డిసెంబరులో అబ్బాయి కుటుంబంతో వచ్చాడు. మనవడికి ఇప్పుడు పద్నాలుగు. తాతకన్నా పొడుగు. సందు దగ్గర ఆగి, కడీల మీద చెయ్యి వేసి, "తాతా, ఇది మా ఊళ్ళో లాగే ఉంది" అన్నాడు వచ్చీరాని తెలుగులో. "మీ ఊళ్ళోదే మా ఊళ్ళో లాగా ఉంది" అన్నారు మా వారు. వాడు వీపు సంచీతో దూరబోయి ఇరుక్కున్నాడు. వెనక నిలబడ్డ అవ్వ వాడి సంచీ లాగి నడుమెత్తు బండ మీద పెట్టి, "ముందు మోపు దింపాలె బిడ్డా" అని చూపించింది.

అమ్మాయి ఇప్పటికీ ఫోను చేస్తుంది. ఫ్లాటు ఎవరికో అద్దెకిచ్చారట, వచ్చే ఏడు ఖాళీ అవుతుందట. "ఉగాదికి చూద్దాంలే" అంటారు ఈయన, ఏటేటా అదే మాట. కిందటి వారం వేపచెట్టు కింద టీ తాగుతూ, "ఇవాళ పొగ ఎలా ఉందండీ?" అనడిగాను. చూడలేదన్నారు. గులకరాళ్ళ మధ్య తీతువు నాలుగు గుడ్లు పెట్టిందట, పొద్దుటి నుంచీ అటే చూస్తున్నారట. మాట్లాడొద్దని నోటి మీద వేలు పెట్టి నాకు చూపించారు.